ఎకనామిక్స్ చదివితే ఏమొస్తది? – చేవెళ్ళ రోడ్డు మీద కొన్ని ఆలోచనలు

ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి మిత్రులు మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు, "భారత ఆర్థిక వ్యవస్థ – సమస్యలు, పరిష్కారాలు" అని పేరు పెట్టి నాలుగు పేజీలు రాసి ఇద్దామనుకున్నాను. అలాంటి వ్యాసం రాయడం తేలిక, చదవకుండా పేజీ తిప్పెయ్యడం ఇంకా తేలిక. అయితే వచ్చినవాళ్ళలో ఒక అబ్బాయి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "సార్, మాది మొయినాబాద్ దగ్గర. బి.ఏ.లో ఎకనామిక్స్ తీసుకున్న. ఇంట్ల రోజూ ఒక్కటే అడుగుతున్నరు, అది సదివితె ఏమొస్తదిరా అని. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. 1986లో, చేవెళ్ళ పక్కన మా ఊళ్ళో, మా నాయిన నన్ను అడిగిన ప్రశ్న అదే. అందుకని ఆ పెద్ద పేరు పక్కన పెట్టి, ఆ అబ్బాయికి చెప్పవలసిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన అడిగిన ప్రశ్న

ఆ సంవత్సరం నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తి చేసి ఇంటికి వచ్చాను. మా ఊళ్ళో ఎం.ఏ. చదివిన మొదటివాణ్ణి కనుక నడకలో కొంచెం దర్జా ఉండేది. మా నాయిన బావి కింద ఎకరంన్నరలో కూరగాయలు పండించేవాడు. ఒక రోజు మీరాలం మండికి పోయివచ్చి అరుగు మీద కూచుని, "గంత సదువు సదివినవ్ గదా బిడ్డా, టమాట గంప నలభై రూపాయలు పలుకుతున్నది. మళ్ళా టమాటనే ఎయ్యాల్నా, వంకాయ ఎయ్యాల్నా? చెప్పు" అన్నాడు.

నేను క్షణం ఆలోచించలేదు. ధర పెరిగితే సరఫరా పెరగాలి. ఇది మొదటి సంవత్సరం పాఠం. "టమాటనే ఎయ్యి నాయినా, మొత్తం ఎయ్యి" అన్నాను.

మొత్తం వేశాడు. నారు పోసి, నాటి, మొదటి కోత కోసేసరికి దగ్గర దగ్గర మూడు నెలలు. ఈలోగా మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ ఆ నలభై రూపాయల ధర చూసినవాళ్ళే. అందరూ టమాటే వేశారు. మా మొదటి కోత మండికి పోయిన రోజు గంప ఆరు రూపాయలు. అందులో అడ్తి కమీషను అరవై పైసలు, లారీ కిరాయి మూడు రూపాయలు, హమాలీ యాభై పైసలు పోగా చేతికి వచ్చింది రూపాయి తొంభై పైసలు. తెంపిన కూలి రూపాయి పైమాటే. మూడో కోతకు మా నాయిన చేను దగ్గరకే పోలేదు. పశువులను తోలి మేపించాం.

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రాత్రి అమ్మతో మాత్రం, "ఆనికేం తెలుసు, పుస్తకంల గట్లనే ఉండొచ్చు" అన్నాడు.

తప్పు పుస్తకానిదా?

పుస్తకానిది కాదు మిత్రులారా, నాది. ఇదే సంగతి పుస్తకంలో ఉంది. నేను పరీక్షలో పది మార్కులకు రాశాను కూడా. రైతు ఈనాటి ధర చూసి విత్తుతాడు, కాని పంట చేతికొచ్చేది మూడు నెలలకో ఆరు నెలలకో. అధిక ధర ఉన్నప్పుడు అందరూ వేస్తారు, పంట వెల్లువై ధర పడిపోతుంది. పడిపోయిన ధర చూసి అందరూ మానేస్తారు, మళ్ళీ కొరత వచ్చి ధర ఎగబాకుతుంది. ఈ ధరల గమనాన్ని పటంగా గీస్తే సాలెగూడులాగా కనిపిస్తుంది కనుక 1934లో నికొలస్ కాల్డార్ అనే ఆర్థికవేత్త దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. నేను ఆ పటం నున్నగా గీయగలను. కాని ఆ గూట్లో పడ్డ ఈగ మా నాయినేనని నాకు తట్టలేదు.

తట్టివుంటే ఏం చేసేవాణ్ణి? సైకిలేసుకుని పది ఊళ్ళు తిరిగి, ఎవరెవరు ఎన్ని గుంటలు టమాట నారు పోశారో అడిగి రాసుకునేవాణ్ణి. రెండు రోజుల పని. ఆ లెక్క చేతిలో ఉంటే సగం టమాట, సగం వంకాయ వెయ్యమని చెప్పేవాణ్ణి. అర్థశాస్త్రం చదివినవాడి పని అక్కడే మొదలవుతుంది. ఒక మనిషికి ఉన్న నిజమైన ప్రశ్నకు లెక్క తీసి, తెలిసినంతవరకు జవాబు చెప్పడం. జీతం ఎక్కడ వచ్చినా, బ్యాంకులో అయినా సచివాలయంలో అయినా, పని మాత్రం అదే.

ఉద్యోగాల సంగతి

ముందు చేదు మాట చెప్పి తర్వాత తీపి చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ప్రకటించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో మన దేశ యువకులలో చదవడం రాయడం రానివాళ్ళలో నిరుద్యోగం 3.4 శాతం ఉంటే, పట్టభద్రులలో 29.1 శాతం ఉంది. చదువుకుంటే ఉద్యోగం దూరమవుతుందని దీని అర్థం కాదు. చదువుకోనివాడికి ఖాళీగా కూచునే వెసులుబాటు లేదు, దొరికిన కూలికి పోతాడు. పట్టా ఉన్నవాడు తగిన పని కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు ఖర్చు ఇంట్లోవాళ్ళు భరిస్తారు. కాబట్టి ఎన్నేళ్ళు, దేనికోసం ఎదురుచూస్తున్నామో ముందే లెక్క వేసుకోవాలి. ఇక దారులు చూద్దాం.

మొదటిది, ఉత్త బి.ఏ.తో పోగలిగిన దారి. బ్యాంకుల క్లర్కు, ఆఫీసరు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. 2011 నుంచి ప్రభుత్వరంగ బ్యాంకులకు ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష పెడుతున్నది, స్టేట్ బ్యాంకు తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. గ్రామీణ బ్యాంకులు 1975 అక్టోబరు 2న పుట్టాయి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ఒకటే గ్రామీణ బ్యాంకు ఉంది. ఈ పరీక్షల్లో మీ ఎకనామిక్స్ కంటే లెక్కలు, తర్కం, ఇంగ్లీషు ఎక్కువ అడుగుతారు. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, రెండేళ్ళు పోయాక తెలుస్తుంది. అయితే చదివిన చదువు చేరాక పనికొస్తుంది. నేను గ్రామీణ బ్యాంకులో పనిచేసిన ఏళ్ళలో, పంట రుణం అడిగిన రైతు చేను చూసి ఏ నెలలో డబ్బు తిరిగి రాగలదో అంచనా కట్టడమే నా అసలు ఉద్యోగం. మా నాయిన టమాట చేను ఆ అంచనాలో ప్రతిసారీ గుర్తుకొచ్చేది.

రెండోది, ఎకనామిక్స్ చదివినవాడికి నిజంగా మొగ్గు ఉన్న పరీక్షలు. నాబార్డు 1982 జూలై 12న ఏర్పడింది. దాని గ్రేడ్–ఎ పరీక్ష రెండో దశలో ఆర్థిక సామాజిక విషయాలు, వ్యవసాయం–గ్రామీణాభివృద్ధి అడుగుతారు. పల్లెటూరి ఎకనామిక్స్ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి పరీక్ష లేదు. రిజర్వు బ్యాంకు గ్రేడ్–బి పరీక్షలోనూ ఆర్థిక విషయాల పేపరు ఉంది. మన రాష్ట్ర గ్రూప్–2లో మూడో పేపరు, గ్రూప్–1 మెయిన్స్‌లో నాలుగో పేపరు ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మీదనే. మిగతావాళ్ళు కోచింగుకు పోయి నేర్చుకునేది మీరు క్లాసులో మూడేళ్ళు వింటున్నారు. వింటే!

మూడోది, ఎం.ఏ. చేసినవాళ్ళ దారి. 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు యు.పి.ఎస్.సి. పరీక్ష పెడుతుంది. ఎకనామిక్స్‌లో గాని దాని శాఖల్లో గాని పోస్టు గ్రాడ్యుయేషను తప్పనిసరి. పోస్టులు తక్కువ, కొన్ని సంవత్సరాలలో ఇరవైకి లోపే. రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగానికీ ఎం.ఏ. కావాలి. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పనులకు ఎం.ఏ., పై పనికి నెట్ లేదా సెట్ కూడా కావాలి. ఎం.ఏ. ప్రవేశానికి మన రాష్ట్రంలో ఉస్మానియా నిర్వహించే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. ఉస్మానియాలో ఎకనామిక్స్ పీహెచ్.డి. చేసిన వై.వి. రెడ్డిగారు 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. ఆయన పేరు మిమ్మల్ని ఊరించడానికి చెప్పడం లేదు. మనం ఎక్కిన మెట్లు ఎక్కడిదాకా పోతాయో తెలియాలని చెబుతున్నాను.

నాలుగోది, అందరూ మరిచిపోయేది – గణాంకాల దారి. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. ఇంటింటికీ పోయి ఖర్చులు, పనులు, పంటలు అడిగి రాసే పని అది. కేంద్ర, రాష్ట్ర గణాంక శాఖల నోటిఫికేషన్లు సాధారణంగా డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేదా గణితం ఉండాలని అడుగుతాయి. కనుక సబ్జెక్టులు ఎంచుకునే రోజునే ఎకనామిక్స్ పక్కన స్టాటిస్టిక్స్ పెట్టుకోండి. గణితమంటే భయపడి ఎకనామిక్స్‌లో చేరినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఆ భయం పోగొట్టుకోనిదే ఈ శాస్త్రం సగం తలుపే తెరుస్తుంది.

అడగడం ఒక విద్య

బ్యాంకులో చేరకముందు నేను కొన్నాళ్ళు ఒక గ్రామ సర్వేలో పనిచేశాను. మొదటి ఇంట్లో "మీ సంవత్సర ఆదాయమెంత?" అని అడిగాను. ఆ ఇంటి పెద్దాయన నవ్వి, "గది తెలిస్తె నీకెందుకు చెప్తా, నేనే రాసుకోనా?" అన్నాడు. నిజమే. ఆయనకు ఆదాయం ఒక అంకె కాదు. బర్రె పాలు, జొన్నలు, కొడుకు కూలి, బిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వానాకాలం ఏమేసినవ్, ఎన్ని గుంటలు, ఎన్ని బస్తాలు ఇంటికొచ్చినయి, ఎన్ని అమ్మినవ్, పూటకు పాలు ఎన్ని లీటర్లు – ఇలా విడదీసి అడగాలి. అప్పుడు అంకె తనంతట తానే కూడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 1999–2000లో జరిగిన 55వ రౌండు సర్వేలో తిండి ఖర్చును ఏడు రోజులకూ ముప్ఫై రోజులకూ పక్కపక్కనే అడిగారు. దాంతో ఆ ఏటి పేదరికం అంకెలను వెనకటి వాటితో పోల్చవచ్చునా లేదా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అడిగే పద్ధతి మారితే దేశంలో పేదల లెక్కే మారిపోతుందన్నమాట. పటాన్‌చెరు దగ్గర 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ ఈ సంగతి గుర్తించే, 1975లో ఆరు గ్రామాల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు పరిశోధకులను ఆ ఊళ్ళలోనే కాపురం పెట్టించింది. అందులో రెండు ఊళ్ళు, ఔరేపల్లి, దోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోవి. ఆ ఊళ్ళ లెక్కల మీద ఆధారపడి ప్రపంచమంతటా పరిశోధనలు జరిగాయి. పల్లె భాష వచ్చి, లెక్క వచ్చినవాడికి ఆ పనిలో విలువ ఎక్కువ. పట్నంలో పుట్టిన పిల్లలకు లేని ఆస్తి అది.

మన రోడ్డు మీదే ఉన్న ప్రశ్నలు

మెహదీపట్నంలో బస్సెక్కి చేవెళ్ళ వైపు వస్తూ కిటికీలోంచి చూడండి. అప్పా జంక్షన్ దాటకముందే, రాజేంద్రనగర్ వైపు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. బేగంపేట వైపు 1980లో మొదలైన ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉంది. ఈ సంస్థల ప్రాజెక్టులకు సర్వే చేసేవాళ్ళు, లెక్కలు ఎక్కించేవాళ్ళు కావాలి. చిన్న జీతం, కొద్ది నెలల పని అయినా అక్కడే పని నేర్చుకుంటారు.

ఇంకొంచెం ముందుకు వస్తే గండిపేట నీళ్ళు. 1908 మూసీ వరద తర్వాత పట్నాన్ని కాపాడడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. ఆ చెరువుల కోసం 1996 మార్చి 8న వచ్చిన 111వ జీవో 84 గ్రామాలలో కట్టడాలను కట్టుబాటులో పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ళ మండలాల ఊళ్ళు అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆ కట్టుబాటును సడలించే దారి తెరిచింది. నీళ్ళ లాభం పట్నానిది, నష్టం ఊళ్ళదా? ఊళ్ళ లాభం కోసం చెరువు పోతే ఆ ఖర్చు ఎవరిది? బాహ్యప్రభావాలు అనే పాఠం మీ ఇంటి ముందే ఉంది. ఆ పక్కనే మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు, వందేళ్ళ మర్రిచెట్లు. రోడ్డు వేస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో లెక్కగట్టడం సులువు, మర్రిచెట్టు నీడకు ధర కట్టడం కష్టం. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా అనేదాన్ని తెచ్చింది. ఆ అంచనాలు రాయడం కూడా ఇప్పుడు ఒక వృత్తే.

తర్వాత పూలతోటలు, క్యారెట్, బీట్‌రూట్ చేలు. పూలు గుడిమల్కాపూర్‌కు, కూరగాయలు రైతుబజారుకు పోతాయి. రైతుబజార్లు 1999 జనవరిలో మొదలైనాయి. 2016 ఏప్రిల్‌లో ఈ–నామ్ వచ్చింది. మార్కెట్ల ధరలు ఇప్పుడు ఫోనులోనే చూడవచ్చు. మా నాయిన కాలంలో ఇవేవీ లేవు. అయినా సాలెగూడు ఇంకా అల్లుకుంటూనే ఉంది. ఎందుకంటే ఫోను ఈ రోజు ధర చెబుతుందే కాని, పక్క ఊళ్ళో ఎన్ని గుంటలు విత్తారో చెప్పదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ప్రారంభించింది. ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చు కింద మూడేళ్ళలో రూ. 18 లక్షల వరకు ఇస్తారు. ఆ సంఘాలకు మేనేజర్లు, లెక్కలవాళ్ళు కావాలి. విత్తే ముందే సభ్యుల చేలు లెక్క తీసి, ఎవరు ఎప్పుడు ఏం వేయాలో చెప్పగలిగినవాడు దొరికితే ఆ సంఘం నిలబడుతుంది.

భూమి ధర, చదువు ధర

ఇక ఇళ్ళల్లో పైకి అనకపోయినా మనసులో ఉన్న మాట. "ఈ చదువులెందుకు, రెండెకరాలు అమ్మితే సాలు" అని. మా ఊళ్ళలో చాలా మంది అమ్మారు, కార్లు కొన్నారు. అమ్మినవాళ్ళను నేను తప్పు పట్టను. బిడ్డ పెండ్లి, ఆస్పత్రి, అప్పు – ఎవరి అవసరం వాళ్ళది. కాని ఎకనామిక్స్‌లో నిల్వ వేరు, ప్రవాహం వేరు అని చదువుకున్నాం. భూమి నిల్వ. దాన్ని అమ్మి వచ్చిన సొమ్ము కూడా నిల్వే, ఏటేటా ఆదాయంగా ప్రవహించేలా పెడితేనే నిలుస్తుంది. లేకపోతే బావిలోని నీళ్ళన్నీ ఒక్క ఎండాకాలంలో తోడేసినట్టు. బ్యాంకులో కూచుని ఈ రెండు రకాల కుటుంబాలనూ చూశాను. తేడా తెలివిలో లేదు. అమ్మిన నెలలో పక్కన కూచుని ఒక కాగితం మీద లెక్క వేసి చూపించేవాళ్ళు ఒకరింట్లో ఉన్నారు, ఇంకొకరింట్లో లేరు. ఆ కాగితం వేయగలిగిన కొడుకో బిడ్డో ఇంట్లో ఉంటే, ఆ చదువు ఉద్యోగం రాకముందే ఇంటికి పనికొచ్చినట్టు.

ఇప్పటినుంచి ఏం చేయాలి?

పెద్ద పట్టిక ఇవ్వను, నాలుగు పనులు చెబుతాను. డిగ్రీ పూర్తయ్యేలోగా కంప్యూటరులో ఎక్సెల్ పట్టికలు బాగా వచ్చి తీరాలి. తర్వాత ఏదైనా ఒక గణాంకాల సాఫ్ట్‌వేరు పట్టుకోండి. ఆర్థిక సర్వే, బడ్జెటు, రిజర్వు బ్యాంకు ప్రకటనలు గైడులో కాకుండా నేరుగా చదవండి. మొదట అర్థం కాదు, మూడో ఏటికి అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఒక పేజీ, తెలుగులో ఒక పేజీ తప్పు లేకుండా రాయడం నేర్చుకోండి. ఉద్యోగం ఏదైనా చివరకు ఒక నోటు రాయవలసి వస్తుంది. నాలుగోది, ప్రతి సెలవుల్లో మీ ఊళ్ళో ఒక చిన్న లెక్క తీయండి – పాల ఖర్చు, బోరు ఖర్చు, ఆటో నడిపే అన్న రోజు సంపాదన, ఏదైనా సరే. ఇంటర్వ్యూలో "నీకేం తెలుసు?" అని అడిగినప్పుడు పుస్తకం మాట కాకుండా మీ మాట చెప్పడానికి అది ఉపయోగపడుతుంది.

గుమ్మం దగ్గర ఆగిన ఆ తమ్ముడికి ఆ రోజు నేను ఇంతా చెప్పలేదు. "మీ ఇంట్లో ఇప్పుడు ఏం పంట ఉంది?" అని మాత్రం అడిగాను. క్యారెట్ అన్నాడు. "పోయిన పంటకు ఎకరానికి ఖర్చెంత, మిగిలిందెంత?" అంటే తల గోక్కున్నాడు. "ముందు అది రాసుకొని మీ నాయినకు చూపించు. ఏమొస్తదని ఆయన మళ్ళా అడిగితే నాకు చెప్పు" అన్నాను.

పది రోజుల తర్వాత ఫోను చేశాడు. విత్తనం, ఎరువు, కూలి, కడిగిన ఖర్చు, ఆటో కిరాయి అన్నీ రాశాడట. వాళ్ళ నాయిన ఆ కాగితం రెండుసార్లు చదివించుకొని, "కడుగుడుకు గింత పోతుందా?" అని ఆశ్చర్యపోయి, పక్కింటాయనను కూడా పిలిచి చూపించాడట. "ఇంక ఏమొస్తదని అడగలేదు సార్. పక్కింటోళ్ళ లెక్క గూడ రాసియ్యమన్నడు" అన్నాడు ఆ అబ్బాయి.

మా నాయినకు నేను ఆ కాగితం రాసి ఇవ్వలేకపోయాను. మీరు ఆలస్యం చేయకండి.